స్లీట్ వీట్ చలిగది: 24 మొక్కల చిన్న తోట మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఆక్సిజన్ నాట్ ఇన్‌క్లూడెడ్ అనే కాలనీ నడిపే గేమ్‌లో (క్లే ఎంటర్‌టైన్‌మెంట్, 2019 జులై 30న పూర్తి విడుదల) స్లీట్ వీట్ అనే చలి గోధుమ పండించడం మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఇవే చిక్కులు వస్తాయి. విజయవాడ, గుంటూరు వైపు ఈ గేమ్ ఆడేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాం. గేమ్‌లోని పేర్లను ఆడేవాళ్ళు పలికినట్టే రాశాం.

ఈ పంటకు చలిగది ఎందుకు? మామూలు గదిలో పెరగదా?

పెరగదు. స్లీట్ వీట్ మైనస్ 55 నుంచి 5 డిగ్రీల మధ్యే ఎదుగుతుంది. 5 దాటితే వెంటనే చచ్చిపోదు గానీ ఎదుగుదల ఆగిపోతుంది. మైనస్ 55 దాకా ఓర్చుకుంటుంది కదా, బాగా చల్లబరిచేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. పేచీ అక్కడే ఉంది. ఈ మొక్కకు నీళ్ళు కావాలి, ఆ నీళ్ళు మైనస్ 0.65 దగ్గర గడ్డకడతాయి. అంటే మీ చేతిలో ఉన్నది అరవై డిగ్రీల వెసులుబాటు కాదు, ఐదున్నర డిగ్రీల సందు మాత్రమే. చలి ఎంత పుట్టించామన్నది కాదు, దాన్ని ఎంత నిలకడగా ఉంచామన్నదే ఈ తోటను నిలబెట్టేది. కింద చెప్పిన డిజైన్ మొత్తం ఆ ఒక్క అవసరం చుట్టూ అల్లింది.

ఎన్ని మొక్కలు వేయాలి?

ఒక మొక్క 18 సైకిళ్ళకు (సైకిల్ అంటే గేమ్‌లో ఒక రోజు, 600 సెకన్లు) 18 గింజలిస్తుంది, అంటే సైకిల్‌కి ఒక గింజ. 3 గింజలతో ఎలక్ట్రిక్ గ్రిల్ మీద ఒక ఫ్రాస్ట్ బన్ తయారవుతుంది, దానిలో 1200 కిలోకేలరీలు. ఆ లెక్కన మొక్కకు సైకిల్‌కి 400. ఒక డూప్లికెంట్ (గేమ్‌లోని మనిషి, పొట్టిగా డూప్) రోజుకు తినేది 1000 కాబట్టి మనిషికి రెండున్నర మొక్కలు పడతాయి. 8 మంది ఉంటే 20 మొక్కలు చాలు. ఒకటి రెండు మొక్కలు ఎప్పుడైనా ఆగిపోతాయి కాబట్టి 24 వేయమంటాం. ఇకపై లెక్కలన్నీ 24 మొక్కలకే.

గది కొలతలు, సామాను?

లోపలి వెడల్పు 13 గడులు, ఎత్తు 6. అడుగున 12 హైడ్రోపానిక్ టైల్స్ (పైపుతో నీళ్ళందే మొక్కల కుండీలు) వరస, దానిపైన రెండు గడుల ఖాళీ, మళ్ళీ 12 టైల్స్ వరస, మళ్ళీ రెండు గడుల ఖాళీ. పదమూడో నిలువు వరస నిచ్చెనకు. మొక్క ఎత్తు ఒక గడే అయినా డూప్‌లు నడవడానికి రెండు గడులు ఉండాలి.

హైడ్రోపానిక్ టైల్ ఒక్కోటి 100 కిలోల ముడి లోహం తింటుంది, మొత్తం 2400 కిలోలు. చుట్టూ గోడ 42 గడులు. అందులో తలుపుకు 2 పోతే మిగిలిన 40 ఇన్సులేటెడ్ (వేడిని ఆపే) టైల్స్. ఒక్కోటి 400 కిలోలు కాబట్టి 16 టన్నుల రాయి పడుతుంది. ఇగ్నియస్ రాక్ చాలు. సెరామిక్ ఇంకా మంచిదే గానీ, దాన్ని తయారు చేసేదాకా తోటను ఆపుకోనక్కర్లేదు. గోడలో ఒక్క గడి మామూలు టైల్‌తో కట్టినా ఆ గడి నుంచి వేడి కారుతూనే ఉంటుంది.

గదిలో ఆక్సిజన్, కలుషిత ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, ఈ మూడింటిలో ఏదున్నా మొక్కకు పర్వాలేదు. హైడ్రోజన్ పనికిరాదు. గ్యాస్ వెంట్ పెట్టి వదిలేస్తే గడికి 2 కిలోల దగ్గర అదే ఆగిపోతుంది, ఆ ఒత్తిడి ఈ గదికి బాగుంటుంది. పలచటి గాలి ఉన్న గదిలో ఉష్ణోగ్రత చిన్న కదలికకే ఎగిరిపడుతుంది.

కూలింగ్ లూప్ ఎలా వేయాలి?

ఈ పేజీలో జాగ్రత్తగా చదవాల్సిన జవాబు ఇదే.

థర్మో ఆక్వాట్యూనర్ తన గుండా పోయే ద్రవాన్ని ప్రతిసారీ సరిగ్గా 14 డిగ్రీలు తగ్గిస్తుంది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. 1 డిగ్రీ ద్రవం లోపలికి పోతే మైనస్ 13తో బయటికి వస్తుంది. ఆ మైనస్ 13ని నేరుగా తోటలోకి పంపితే సాగునీటి పైపులు గడ్డకట్టి పగులుతాయి. అందుకని ఆక్వాట్యూనర్ తర్వాత ఒక లిక్విడ్ రిజర్వాయర్ పెట్టాలి. అందులో దాదాపు 4000 కిలోల కలుషిత నీళ్ళు ఉంచండి. దాని సామర్థ్యం 5000, కాస్త ఖాళీ ఉండాలి. మైనస్ 13 డిగ్రీల 10 కిలోల ప్యాకెట్ (పైపులో ఒక గడిలో పట్టే ద్రవం) అంత నీటిలో కలిసినప్పుడు మొత్తం ఉష్ణోగ్రత సెకనుకు 0.03 డిగ్రీలే తగ్గుతుంది. రిజర్వాయర్ నుంచి తోటకు వెళ్ళే ద్రవం ఎప్పుడూ 1 డిగ్రీ దగ్గరే తచ్చాడుతుంది.

వరుస ఇలా ఉండాలి: రిజర్వాయర్, దాని అవుట్‌లెట్ పక్కనే లిక్విడ్ పైప్ థర్మో సెన్సర్, తర్వాత తోట గది, తర్వాత ప్రీకూలర్ (దాని గురించి కింద చెప్పాం), తర్వాత ఆక్వాట్యూనర్, తిరిగి రిజర్వాయర్. సెన్సర్‌ను "1 డిగ్రీ కంటే పైన" అని పెట్టి ఆటోమేషన్ తీగను ఆక్వాట్యూనర్‌కు కలపండి.

సెన్సర్‌ను ఆక్వాట్యూనర్ ముందు పెట్టడం అందరికీ అలవాటు. ఇక్కడ మాత్రం రిజర్వాయర్ అవుట్‌లెట్ దగ్గరే పెట్టాలి. ఆక్వాట్యూనర్ ముందు పెడితే, రిజర్వాయర్ చల్లబడిన సంగతి సెన్సర్‌కు తెలిసేసరికి ద్రవం లూప్ అంతా తిరిగి రావాలి. 40 గడుల పైపు అంటే 40 సెకన్లు. ఆ 40 సెకన్లూ మిషన్ అనవసరంగా నడిచి ఉష్ణోగ్రతను ఇంకో డిగ్రీకి పైగా దించేస్తుంది.

ఆక్వాట్యూనర్ ఆగినప్పుడు లూప్ ఆగకూడదు. వచ్చే పైపును ఆక్వాట్యూనర్ ఇన్‌పుట్ మీదుగా ముందుకు లాగి, ఒక లిక్విడ్ బ్రిడ్జ్‌తో దాని అవుట్‌పుట్ పైపుకు కలపండి. మిషన్ నడుస్తుంటే ద్రవం లోపలికి పోతుంది, ఆగితే బ్రిడ్జ్ దాటి వెళ్ళిపోతుంది. తోట గదిలో వేడిని బాగా మార్చుకునే రేడియంట్ పైపులు (గడికి 50 కిలోల శుద్ధి చేసిన లోహం), గది బయట ఇన్సులేటెడ్ పైపులు వేయండి. గదిలోని రేడియంట్ పైపును మొక్కల పైని ఖాళీ వరసల్లో నడపాలి. ఒక గడిలో ఒకే ద్రవ పైపు పడుతుంది, హైడ్రోపానిక్ వరసలో సాగునీటి పైపు ముందే ఉంటుంది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఓపిక పట్టాలి. 25 డిగ్రీల 4000 కిలోల కలుషిత నీటిని 1 డిగ్రీకి తేవడానికి సుమారు 4 లక్షల కిలోడీటీయూలు (గేమ్‌లో వేడిని కొలిచే యూనిట్) లాగాలి. ఆక్వాట్యూనర్ సెకనుకు 585 లాగుతుంది, అంటే ఆగకుండా 690 సెకన్లు, ఒక సైకిల్ దాటిపోతుంది. టైల్స్, పైపుల వేడి కూడా కలుపుకుంటే రెండు సైకిళ్ళు వదిలేయండి. గది చల్లబడకముందే విత్తనాలు వేయించి, మొక్క ఎదగట్లేదని కంగారుపడకండి.

కూలెంట్‌గా (లూప్‌లో తిరిగే ద్రవంగా) మామూలు నీళ్ళు వాడొచ్చా?

వద్దు. ఆక్వాట్యూనర్ నుంచి బయటికొచ్చే క్షణంలో ద్రవం మైనస్ 13 దాకా ఉంటుంది, నీళ్ళయితే ఆ పైపులోనే గడ్డకడతాయి. కలుషిత నీళ్ళు మైనస్ 20.65 దాకా ద్రవంగానే ఉంటాయి. రెండింటి విశిష్టోష్ణం ఒక్కటే, 4.179. పెట్రోలియం గడ్డకట్టే స్థానం ఇంకా కింద ఉన్నా దాని విశిష్టోష్ణం 1.76. అదే 1200 వాట్ల కరెంటుకు సగం కంటే తక్కువ పని జరుగుతుంది.

గది చల్లగానే ఉంది, అయినా వరసలో మొదటి నాలుగైదు మొక్కలు ఎదగట్లేదు. ఎందుకు?

సాగునీరు వేడిగా వస్తోంది. గోడల మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా నీటి మీద పెట్టకపోవడం వల్ల వచ్చే సమస్య ఇది. ఒక మొక్క సైకిల్‌కి 20 కిలోల నీళ్ళు తాగుతుంది. 24 మొక్కలకు 480 కిలోలు, అంటే సెకనుకు 0.8 కిలో. ఆ నీళ్ళు 30 డిగ్రీలతో వచ్చి 3 డిగ్రీలకు దిగాలంటే సెకనుకు 90 కిలోడీటీయూల వేడి తీయాలి. గోడలు సరిగ్గా కట్టి ఉంటే తోటలోకి వచ్చే వేడిలో పెద్ద వాటా ఇదే. ఈ వేడంతా పైపు మొదట్లో ఉన్న టైల్స్ మీద పడుతుంది. అవి 5 దాటిపోతాయి, చివరి టైల్స్ మాత్రం హాయిగా ఉంటాయి. గది మధ్యలో పెట్టిన థర్మో సెన్సర్ 3 డిగ్రీలు చూపిస్తూనే ఉంటుంది.

దీనికి మందు ప్రీకూలర్. మెటల్ టైల్స్ రెండు వరసలు, వరసకు 8. పై వరస గుండా కూలెంట్ రేడియంట్ పైపు, కింది వరస గుండా సాగునీటి రేడియంట్ పైపు. రెండూ ఎదురెదురు దిక్కుల్లో ప్రవహించాలి, అప్పుడు సాగునీరు బయటికి పోయే కొసకు అన్నిటికంటే చల్లని కూలెంట్ తగులుతుంది. దీనికి 1600 కిలోల లోహం టైల్స్‌కు, 800 కిలోలు పైపులకు. అల్యూమినియం దొరికితే పైపులకు అదే వాడండి. దీన్ని గది నేల కింద ఆనించి కడితే ఆ గోడ ఉమ్మడి అవుతుంది, అదనంగా 14 ఇన్సులేటెడ్ టైల్స్ చాలు.

సాగునీటి పైపుకు ముందు ఒక లిక్విడ్ వాల్వ్ పెట్టి సెకనుకు 1 కిలోకు కట్టడి చేయండి. అవసరం 0.8 కాబట్టి కొరత రాదు. నీళ్ళు కొంచెం కొంచెంగా పోతే మెటల్ టైల్స్‌తో బాగా సర్దుకుంటాయి. ప్రీకూలర్ నుంచి తోట దాకా ఇన్సులేటెడ్ పైపే.

ఒక ఉచ్చు గురించి చెప్పాలి. "5 డిగ్రీలకంటే తక్కువుంటేనే నీళ్ళు వదలాలి" అని ప్రీకూలర్ బయట సెన్సర్, దాని పక్కన లిక్విడ్ షటాఫ్ (సెన్సర్ చెబితేనే తెరుచుకునే వాల్వ్) పెడతారు. ఆలోచన మంచిదే. కానీ ఒక్క 6 డిగ్రీల ప్యాకెట్ ఆ సెన్సర్ కింద ఆగిందంటే, ఇన్సులేటెడ్ పైపులో అది చల్లబడదు, షటాఫ్ తెరుచుకోదు, తోట మొత్తం ఎండిపోతుంది. సెన్సర్ పెట్టండి, చూసుకోవడానికి మాత్రమే.

మా దగ్గర ఉన్నది 95 డిగ్రీల గీజర్ (నేలలోంచి ఎగజిమ్మే ఊట) నీళ్ళే. పనికొస్తాయా?

వస్తాయి, ఖర్చవుతుంది. సెకనుకు 0.8 కిలోను 95 నుంచి 3కి దించాలంటే 308 కిలోడీటీయూలు. ఆక్వాట్యూనర్ సగానికి కొంచెం పైగా కాలం నడవాలి, సగటున 630 వాట్లు. 30 డిగ్రీల నీటికైతే సగటు 185 వాట్లే. లూప్‌లో తోటను ముందు, ప్రీకూలర్‌ను తర్వాత పెట్టమన్నది ఇందుకే. ప్రీకూలర్ దాటాక కూలెంట్ ఏడు డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది, అది తోటలోకి పోకూడదు.

పైపు పగిలిపోయింది, మంచు ముక్కలు పడ్డాయి. ఏం జరిగింది?

సాగునీటి పైపు అయితే, ఎక్కడో సున్నా కంటే చల్లని కూలెంట్ దానికి దగ్గరగా పోతోంది. రిజర్వాయర్‌లో నీళ్ళు తగ్గి ఉండొచ్చు. 500 కిలోలే ఉంటే మైనస్ 13 ప్యాకెట్ దెబ్బ ఎనిమిది రెట్లు పడుతుంది. ఆక్వాట్యూనర్ అవుట్‌పుట్ పైపు రేడియంట్‌ది వేసి ఉండొచ్చు, అది ఇన్సులేటెడ్ ఉండాలి. కూలెంట్ పైపే పగిలితే అందులోకి మామూలు నీళ్ళు కలిశాయేమో చూడండి.

1 కిలోకు మించని ప్యాకెట్లు పైపులో గడ్డకట్టవు, కాబట్టి వాల్వ్ పెట్టాం, ఇక భయం లేదంటారు కొందరు. నీళ్ళు కదులుతున్నంతసేపు అది నిజమే. కానీ మొక్కలు తాగడం ఆపి పైపు నిండినప్పుడు వెనక ప్యాకెట్లు ముందు ప్యాకెట్లలో కలిసిపోతాయి, 1 కిలో కాస్తా 10 కిలోలవుతుంది. తోట పైపు రోజులో ఎక్కువసేపు నిండి నిలబడే ఉంటుంది. ఆ చిట్కాను నమ్ముకోకండి.

ఆక్వాట్యూనర్ వేడి ఎక్కడికి పోవాలి?

ఆక్వాట్యూనర్ వేడిని మాయం చేయదు, ద్రవంలోంచి లాగిన వేడినంతా తన ఒంట్లో దింపుకుంటుంది. తొలి రోజుల్లో దాన్ని 20 టన్నుల నీటి తొట్టిలో, అంటే 20 నిండు గడుల నీటిలో ముంచి పెట్టండి. సెకనుకు 100 కిలోడీటీయూల చొప్పున ఆ తొట్టి సైకిల్‌కి 0.72 డిగ్రీలు వేడెక్కుతుంది. 30 నుంచి 90కి చేరడానికి 80 సైకిళ్ళు దాటుతుంది. ఆలోగా స్టీలు, ప్లాస్టిక్ సంపాదించుకోవచ్చు.

తర్వాత స్టీలు ఆక్వాట్యూనర్‌ను ఆవిరి గదిలో పెట్టి పైన స్టీమ్ టర్బైన్ కట్టండి. టర్బైన్ 125 డిగ్రీల ఆవిరి నుంచి పనిచేస్తుంది, 200 దగ్గర 850 వాట్లు ఇస్తుంది, 95 డిగ్రీల నీళ్ళు వదులుతుంది. టర్బైన్ ఒళ్ళు 100 దాటితే ఆగిపోతుంది కాబట్టి దానికీ కాస్త చల్లదనం అందాలి. ఈ తోట లూప్‌లోంచి మాత్రం ఇవ్వకండి, దానికి వేరే లూప్ వేయండి.

కరెంటు తీగ సంగతి: మామూలు వైర్ 1000 వాట్లే మోస్తుంది, ఆక్వాట్యూనర్ 1200 లాగుతుంది. కండక్టివ్ వైర్ లేకుండా కలిపితే తీగ కాలుతూనే ఉంటుంది.

తలుపు ఎలా?

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు చూసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది: బయటి గాలిని నేరుగా సరుకు గదిలోకి రానివ్వకుండా మధ్యలో ఒక అర ఉంటుంది. ఇక్కడా అంతే. ఒక్క తలుపు పెడితే డూప్ వచ్చినప్పుడల్లా వేడి గాలి లోపలికి తోసుకొస్తుంది. రెండు తలుపుల మధ్య రెండు గడుల అర పెట్టండి, లేదా ద్రవంతో లాక్ (గాలిని ఆపి డూప్‌లను దాటనిచ్చే చిన్న మడుగు) కట్టండి. ద్రవ లాక్‌కు నీళ్ళు కాకుండా క్రూడ్ ఆయిల్ గానీ పెట్రోలియం గానీ వాడండి, చలికి గట్టిపడవు.

మట్టి ఎవరు వేయాలి?

మొక్కకు సైకిల్‌కి 5 కిలోల మట్టి, మొత్తం 120 కిలోలు. డూప్‌లు వేయగలరు గానీ ప్రతి రాకా తలుపు తెరవడమే. ఆటో స్వీపర్ (సరుకు ఎత్తి అందించే యంత్రపు చెయ్యి) అటూ ఇటూ నాలుగేసి గడులు అందుకుంటుంది, అంటే 9 గడుల వెడల్పు. మధ్యలోని హైడ్రోపానిక్ వరస దాని చూపుకు అడ్డం కాబట్టి పై అంతస్తుకు రెండు, కింది అంతస్తుకు రెండు కావాలి. స్వీపర్ కోయలేదు. పండిన పంటను 4 సైకిళ్ళు వదిలేస్తే దానంతటదే రాలుతుంది, అప్పుడు ఏరుతుంది. కంపోస్ట్ నుంచి అప్పుడే తీసిన మట్టి వేడిగా ఉంటుంది, చల్లారినదే పంపండి.

వీజ్‌వర్ట్‌తో (గాలిని చల్లబరిచే మొక్కతో) సరిపెట్టుకోలేమా?

24 మొక్కలకు లేదు. వీజ్‌వర్ట్ సెకనుకు 1 కిలో గాలిని 5 డిగ్రీలు తగ్గిస్తుంది, ఆక్సిజన్‌లో అది 5 కిలోడీటీయూలు. 30 డిగ్రీల సాగునీటికే 18 వీజ్‌వర్ట్‌లు కావాలి. నాలుగైదు మొక్కల తోటకు బాగుంటుంది.

కూల్ స్లష్ గీజర్ దొరికితే మాత్రం అదృష్టమే. మైనస్ 10 డిగ్రీల కలుషిత నీళ్ళు ఊరికే వస్తాయి. వాటిని ముందు కూలెంట్‌గా తిప్పి, సున్నా దాటి వేడెక్కాక వాటర్ సీవ్‌లో వడకట్టి, సాగుకు వదలండి. నేరుగా సీవ్‌కు పంపితే లోపలికి పోయిన చలితోనే నీళ్ళు బయటికొచ్చి పైపులో గడ్డకడతాయి. 2024లో వచ్చిన ఫ్రాస్టీ ప్లానెట్ ప్యాక్ గ్రహం మీద చుట్టూ చలే, అక్కడ మీ పని నీళ్ళు గడ్డకట్టకుండా కాపాడుకోవడం.

మిర్చి కూడా వేయాలని ఉంది.

తప్పకుండా వేయండి, మనవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. గేమ్‌లోని మిర్చి, పించా పెప్పర్, 35 నుంచి 85 డిగ్రీల మధ్య పెరుగుతుంది. స్లీట్ వీట్‌కు పనికిరాని వేడి దానికి కావాలి, అందుకే ఆక్వాట్యూనర్ తొట్టి పక్కనే దాని చోటు. తొట్టికీ మిర్చి గదికీ మధ్య మెటల్ టైల్ గోడ పెట్టండి, తొట్టి 40 దాటిన దగ్గర్నుంచి గది కాగుతుంది. తొట్టి 80 దాటేలోగా ఆ గోడను ఇన్సులేటెడ్ చేసేయండి.

10 స్లీట్ వీట్ గింజలు, 1 పెప్పర్‌నట్ (పించా పెప్పర్ కాయ) కలిపి గ్యాస్ రేంజ్ మీద పెప్పర్ బ్రెడ్ చేస్తే 4000 కిలోకేలరీలు. సైకిల్‌కి 24 గింజలకు 2.4 పెప్పర్‌నట్‌లు కావాలి. మొక్క 8 సైకిళ్ళకు 4 ఇస్తుంది, కాబట్టి 5 మొక్కలు చాలు. వాటికి సైకిల్‌కి 175 కిలోల కలుషిత నీళ్ళు, 5 కిలోల ఫాస్ఫరైట్. మొక్క కిందికి వేలాడుతుంది, టైల్ పైకప్పులో ఉండాలి, కింద మూడు గడులు ఖాళీ వదలాలి. కేలరీలు ఫ్రాస్ట్ బన్‌తో సమానమే, పెరిగేది రుచి. డూప్‌ల మనోబలానికి ఆ రుచే ముఖ్యం.

కరెంటు పోతే ఆట పోతుందా?

గేమ్ ప్రతి సైకిల్‌కీ తనంతట తానే సేవ్ చేసుకుంటుంది. మామూలు వేగంలో సైకిల్ అంటే 10 నిమిషాలు, అంతకు మించి పోదు. ఆ వ్యవధిని సెట్టింగుల్లో పెంచి ఉంటే వెనక్కి తెచ్చుకోండి. మే నెలలో డెస్క్‌టాప్ మీద ఆడేవాళ్ళు కొత్త పైపు లైన్ తెరిచే ముందు చేత్తో ఒకసారి సేవ్ చేసుకోవడం మంచిది.

24 మొక్కలను 48 చేయాలంటే?

గదిని పక్కకు సాగదీయొద్దు, పైన అదే కొలతతో ఇంకో గది కట్టండి. సాగునీరు సెకనుకు 1.6 కిలోలవుతుంది, వాల్వ్‌ను 2 కిలోలకు పెంచి, రెండో గదికి వేరే ప్రీకూలర్ పెట్టాలి. 30 డిగ్రీల నీటికి మొత్తం భారం 181 కిలోడీటీయూలు, ఆక్వాట్యూనర్ శక్తిలో మూడో వంతు కూడా కాదు. కూలెంట్ రెండు గదులూ తిరిగాకే ప్రీకూలర్లలోకి పోవాలి. 95 డిగ్రీల నీళ్ళయితే భారం 615, ఒక్క ఆక్వాట్యూనర్ మోయలేదు. అప్పుడు రెండోదాన్ని కట్టడం కంటే, ఆ నీళ్ళను ముందు వేరే లూప్‌లో 40కి దింపి తేవడం మేలు.